అమెరికాలో తుపాకితో ఊరు దాటే ముందు: హోమ్ రూల్ జాగ్రత్తలు

తుపాకి ఉన్నవాళ్లు ఇల్లు మారేటప్పుడు, సెలవులకు కారెక్కేటప్పుడు రాష్ట్ర చట్టం చూసుకుని ఊరుకుంటారు. కొన్ని రాష్ట్రాల్లో అది చాలదు. ‘హోమ్ రూల్’ అంటే మనకు అనీబిసెంట్ ఉద్యమం గుర్తొస్తుంది. అక్కడ ఆ మాటకు అర్థం, నగరాలూ కౌంటీలూ శాసనసభను అడక్కుండా సొంత ఆర్డినెన్సులు, అంటే స్థానిక చట్టాలు, చేసుకునే అధికారం. ఒక విషయంలో ఆ అధికారాన్ని రాష్ట్రం వెనక్కి తీసుకుంటే ప్రీఎంప్షన్. తుపాకుల విషయంలో ఎక్కువ రాష్ట్రాలు తీసేసుకున్నాయి. ఫ్లోరిడాలో అయితే ఈ ప్రీఎంప్షన్‌ను కాదని ఆర్డినెన్సు చేసిన స్థానిక అధికారికి 5,000 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు.

అన్నిటికంటే ముందు వీసా చూసుకోండి. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం, శిక్ష 15 ఏళ్ల దాకా. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి తుపాకిని కాల్పుల సాధన చేసే రేంజ్‌లో చేతిలోకి తీసుకున్నా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది.

మన వాళ్లు ఎక్కువగా ఉన్న ఇల్లినాయిలో చిక్కు ఎక్కువ. 1970 రాజ్యాంగం ప్రకారం 25,000 జనాభా దాటిన ఊరికి హోమ్ రూల్ దానంతటదే వస్తుంది. ఆ బలంతోనే మోర్టన్ గ్రోవ్ 1981లో చేతి తుపాకులను నిషేధించింది, 1984లో రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించింది. షికాగో కేసులో అమెరికా సుప్రీంకోర్టు 2010 తీర్పుతో అలాంటి నిషేధాలకు కాలం చెల్లింది. 2013లో రాష్ట్రం చేతి తుపాకుల నియంత్రణను తన చేతిలోకి తీసుకుని, అసాల్ట్ ఆయుధాల (సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకుల) మీద ఆర్డినెన్సులు చేసుకోడానికి ఊళ్లకు 10 రోజులే ఇచ్చింది. డీర్‌ఫీల్డ్ ఆ గడువులో కేవలం భద్రపరచడం, తరలించడం గురించి రాసుకుని, 2018లో దాన్నే సవరించి పూర్తి నిషేధం చేసింది. కోర్టులో అది నిలిచింది. అందుకే పాత ఆర్డినెన్సు కదా అని వదిలేయకూడదు, చివరి సవరణ తేదీ చూడాలి. నేపర్‌విల్ 2022లో అలాంటి ఆయుధాల అమ్మకాలు ఆపింది. 2023 జనవరి 10 నుంచి అసాల్ట్ ఆయుధాల నిషేధం రాష్ట్రమంతటికీ వచ్చింది.

కొలరాడో 2021లో ఎదురు దారి పట్టింది. రాష్ట్ర చట్టం కంటే కఠినంగా నియమాలు పెట్టుకునే వీలు ఊళ్లకు ఇచ్చింది. డెన్వర్ 2022లో తన పార్కుల్లో, నగర భవనాల్లో పర్మిట్ ఉన్నవాళ్లనూ తుపాకి దాచుకుని తిరగనివ్వకుండా చేసింది. న్యూయార్క్ రాష్ట్రంలో నగరం బయట ఇచ్చిన లైసెన్సు న్యూయార్క్ నగరంలో చెల్లదు, నగర పోలీస్ కమిషనర్ ప్రత్యేక అనుమతి కావాలి. తాళం వేసిన పెట్టెలో పెట్టి, ఎక్కడా ఆగకుండా దాటిపోతేనే మినహాయింపు.

చూసుకునే పద్ధతి ఇది. దారిలో ఆగే, రాత్రి ఉండే ఊళ్ల పేర్లు రాసుకోండి. ఒక్కో ఊరి మున్సిపల్ కోడ్‌లో ఆయుధాల అధ్యాయం తెరిచి, నిర్వచనాలు ముందు చదవండి. మ్యాగజైన్ (తుపాకికి తగిలించే తూటాల అర) పరిమాణం దగ్గరే చాలామంది తప్పుతారు. ఇల్లినాయిలో రాష్ట్ర పరిమితి రైఫిల్‌కు 10, చేతి తుపాకికి 15 తూటాలు. సందేహముంటే సిటీ క్లర్క్‌ను ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాటకు ఆధారం మిగలదు.

కారులో తూటాలు తీసేసిన తుపాకిని తాళం పెట్టెలో, డిక్కీలో పెట్టండి. తూటాలు వేరేగా ఉంచండి. డిక్కీ లేని ఎస్‌యూవీలో గ్లవ్ బాక్సు, మధ్య కన్సోల్ తాళం పెట్టె కింద లెక్కలోకి రావు. కొలరాడోలో కారు వదిలి వెళితే చేతి తుపాకి గట్టి పెట్టెలో తాళంతో, బయటికి కనిపించకుండా ఉండాలి, కారుకూ తాళం వేయాలి.

గ్రీన్ కార్డు వాళ్లకు అసలు ప్రమాదం ఊరి ఆర్డినెన్సు కింద వచ్చే చిన్న టికెట్‌లోనే దాగి ఉంటుంది. ‘ఏ చట్టం కిందైనా’ తుపాకి నేరంలో దోషిగా తేలితే దేశం నుంచి పంపేయొచ్చని ఇమిగ్రేషన్ చట్టం చెబుతోంది. యాభై డాలర్లేగా అని జరిమానా కట్టేస్తే నేరం ఒప్పుకున్నట్టు కావచ్చు. కట్టే ముందు క్రిమినల్, ఇమిగ్రేషన్ లాయర్లిద్దరికీ ఆ కాగితం చూపించండి.