రాత్రి విమానయానం – పాఠం 5: ఎంత ఎత్తుకు దిగకూడదు?

గత పాఠంలో ఇంధనం లెక్క కట్టాం. ఈసారి పటం మీద గీసిన దారిలో రాత్రివేళ ఏ ఎత్తుకు కిందికి దిగకూడదో నిర్ణయించడం నేర్చుకుందాం. సూర్యాస్తమయం తరువాత కంటిచూపు ఆధారంగా నడపడానికి మన దేశంలో సాధారణంగా అనుమతి లేదు. స్థానిక, శిక్షణ విహారాలకు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ మినహాయింపు ఇవ్వాలి. కాబట్టి ఈ అభ్యాసమంతా కాగితం మీదే.

సముద్రం మీది నుంచి కావలి వైపు వస్తున్న చిన్న విమానాన్ని ఊహించుకోండి. కిందంతా చీకటి, ఎదుట జాతీయ రహదారి వెంట, రొయ్యల చెరువుల గట్ల మీద దీపాలు. నడుమ నేల గుర్తులేవీ కనిపించనప్పుడు, ఆ దీపాలు ఎంత కోణంలో కనబడుతున్నాయన్నదాన్నే కన్ను ఆధారం చేసుకుంటుంది. ఆ కోణం మారకుండా దిగుతూ వస్తే విమానం తిన్నగా రాదు, నేల వైపు వంగిన చాపంలా కిందికి జారుతుంది. పైలటుకు మాత్రం తాను కావలసినంత ఎత్తులోనే ఉన్నట్టు తోస్తుంది. బోయింగ్ సంస్థలో కాన్రాడ్ క్రాఫ్ట్ సిమ్యులేటర్‌తో చేసిన ప్రయోగాల్లో అనుభవజ్ఞులైన పైలట్లు సైతం ఇలాగే మరీ కిందికి దిగిపోయారు.

గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చూపే ఆల్టీమీటరును చూస్తే సరిపోతుందా? దాన్ని స్థానిక పీడనానికి సరిచేసి ఉంటేనే. మన తీరంలో వాయుగుండం పట్టినప్పుడు పీడనం పది హెక్టోపాస్కళ్లు పడిపోతే, సరిచేయని ఆల్టీమీటరు అసలు ఎత్తు కంటే సుమారు 270 అడుగులు ఎక్కువ చూపుతుంది.

కొండల వైపు చిక్కు వేరు. వంద నాట్ల వేగమంటే సెకనుకు 51 మీటర్లు; 200 మీటర్ల దూరంలో కొండ కనబడితే మిగిలేది నాలుగు సెకన్లే. ఎదుటి ఊరి దీపాలు ఒక్కొక్కటే మాయమవుతుంటే నడుమ కొండ అడ్డం వస్తున్నదని అర్థం. కరెంటు పోవడం మనకు అలవాటే గనుక ఈ గుర్తును తేలిగ్గా తీసుకుంటారేమోనని నా భయం. అది కనిపించిన క్షణమే పైకి లేవాలి.

అభ్యాసం: పటంలో కావలి నుంచి ఉదయగిరికి గీత గీసి, ఇరువైపులా 8 కిలోమీటర్లలో అన్నిటికన్నా ఎత్తైన చోటు గుర్తించండి. దానికి మైదానంలో 1,000, కొండ ప్రాంతంలో 2,000 అడుగులు కలపండి. ఉదయగిరి దుర్గం సుమారు 3,000 అడుగులు కనుక, అటు చివర మీ జవాబు 5,000 కంటే తక్కువ వస్తే లెక్క తప్పినట్టే. ఇదే పద్ధతిలో సింగరాయకొండ–కనిగిరి దారికీ లెక్క కట్టి ఉంచుకోండి. ఆ అంకెతోనే ఆరో పాఠం మొదలుపెడదాం.