పిల్లలకు తలకిందుల ఆసనాలు నేర్పడం ఎలా?

సోఫాలో వెల్లకిలా పడుకుని, కాళ్లు గోడకెత్తి, తల కిందికి వేలాడేసి కార్టూన్లు చూసే పిల్లలకు తలకిందులవడం కొత్తేమీ కాదు. వాళ్లకు రానిది నెమ్మదిగా దిగడం. కాళ్లు దబ్బున వదిలేస్తే ఆ బరువంతా మెడ మీదో మణికట్టు మీదో పడుతుంది. అందుకని కింద చెప్పిన ప్రతి ఆసనంలోనూ దిగడం వచ్చాకే పైకి ఎక్కించండి.

ఎవరికి వద్దు?

జ్వరం, జలుబు, చెవిపోటు ఉన్న రోజు మానేయండి. మెడకు దెబ్బ తగిలినా, గుండె జబ్బు, మూర్ఛ, కంటి సమస్య ఉన్నా ముందు డాక్టరును అడగాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడలోని మొదటి రెండు పూసల మధ్య కీలు వదులుగా ఉంటుంది, వాళ్ల విషయంలో డాక్టరును అడగకుండా ఏదీ చేయించకండి. కళ్ల సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. చెన్నై శంకర నేత్రాలయ వైద్యులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, శీర్షాసనం వేసిన పెద్దవాళ్లలో కంటి లోపలి ఒత్తిడి మామూలు కంటే రెట్టింపయింది.

చోటు, వేళ, బట్టలు

చెన్నై ఎండాకాలంలో పొద్దెక్కేకొద్దీ అరచేతులు చెమటకు జారతాయి. ఉదయం 6 గంటలకే మొదలుపెట్టి, పక్కన పొడి తువ్వాలు ఉంచుకోండి. ఇడ్లీ, దోశ తిన్నాక 2 గంటలు, అన్నం తిన్నాక 3 గంటలు ఆగాలి. తలకు నూనె రాసిన చేతుల్ని సబ్బుతో కడిగించండి.

జంపఖానా టైల్స్ మీద జారుతుంది కాబట్టి 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉన్న యోగా మ్యాట్ వాడండి. మెత్తగా ఉంటుంది కదా అని పరుపు మీద చేయించకండి. చేతులు కుంగితే మెడ పక్కకు వాలుతుంది. మెరీనా ఇసుకలోనూ ఇదే ఇబ్బంది. గోడ మీద అలమర, టీవీ, పటాలు ఉండకూడదు. చొక్కా లోపలికి దోపండి, లేకపోతే ముఖం మీద పడగానే పిల్లలు దాన్ని తీసుకోబోయి చేయి ఎత్తేస్తారు. క్లిప్పులు, మల్లెపూలకు గుచ్చిన పిన్నులు, గొలుసులు అన్నీ తీసేయాలి.

మొదటి వారం: గోడకు కాళ్లు

కాళ్లు పైకెత్తే ఆసనమైన విపరీత కరణిని ఇలా తేలిక చేసి నేర్పితే అయిదేళ్ల పిల్లలు కూడా చేయగలరు. తుంటి గోడకు ఆనేలా పక్కవాటుగా కూర్చోబెట్టండి. వీపు నేలకు ఆనిస్తూ కాళ్లు గోడ మీదికి తిప్పమనండి. తొడల వెనుక లాగితే పిరుదుల్ని గోడకు జానెడు దూరం జరపండి. ఒక నిమిషం చాలు. దిగేటప్పుడు మోకాళ్లు మడిచి, కుడిపక్కకు ఒత్తిగిలి, పది లెక్కపెట్టాక చేతులు ఊని లేవాలి. చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి.

రెండు, మూడు వారాలు: భుజాలకు బలం

అధోముఖ శ్వానాసనంలో (అరచేతులు, పాదాలు నేలకు ఆనించి పిరుదులు పైకెత్తే భంగిమ) వేళ్లు విప్పి, బొటనవేలు, చూపుడువేలు మొదళ్లను నేలకు గట్టిగా నొక్కించండి. బరువంతా మణికట్టు అంచుకు పోతే నొప్పి మొదలవుతుంది. మోకాళ్లు కాస్త మడిచినా పరవాలేదు, వీపు గూనిలా వంగకూడదు. 5 శ్వాసలు.

తర్వాత ఇదే భంగిమ మోచేతుల మీద. ఒక్కో అరచేత్తో ఎదుటి మోచేతిని పట్టుకోమనండి. మోచేతులకు ఉండాల్సిన ఎడం అదే. వాటిని కదపకుండా చేతులు ముందుకు చాచి వేళ్లు పెనవేసి, పిరుదులు ఎత్తాలి. తల నేలకు తగలకూడదు, మీ చేయి కింద నుంచి దూరేంత సందు ఉండాలి. అలసిపోగానే మోచేతులు పక్కలకు జరుగుతాయి. అక్కడే ఆపేయండి. ఊపిరి బిగబడుతున్నారేమో తెలుసుకోవడానికి పేరు చెప్పమనండి. మాట రాకపోతే ఆరోజుకు అంతే.

నాలుగో వారం నుంచి: గోడకు సగం నిలువు

గోడకు ఎదురుగా కాళ్లు చాపి, పాదాలు గోడకు ఆనించి కూర్చోబెట్టండి. పిరుదులున్న చోట సుద్దముక్కతో గీత గీయండి. గోడ వైపు వీపు ఉండేలా తిరిగి, ఆ గీత మీద అరచేతులు ఊని, ఒక్కో కాలూ గోడ మీద ఎక్కించాలి. పాదాలు తుంటి ఎత్తు దాటకూడదు. చేతులు గీత కంటే దూరంగా పెడితే నడుము కిందికి జారుతుంది, ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

మొదటి రెండు రోజులు రెండడుగులు ఎక్కడం, రెండడుగులు దిగడం, అంతే. ఆ తర్వాత 3 శ్వాసలు నిలపండి. మీరు పక్కన నిలబడి, తుంటికి రెండు వైపులా చేతులు ఆసరాగా ఉంచండి. చీలమండలు పట్టుకుని పైకి లాగకూడదు. అలా లాగితే పిల్లలు భుజాల బలం వదిలేస్తారు, మీ చేయి జారిందంటే తలే నేలకు తగులుతుంది. ఎగిరి కాళ్లు విసరనివ్వకండి. ఎవరెంతసేపు ఉంటారో చూద్దామనే పందేలు అసలే వద్దు.

పూర్తయ్యాక శశాంకాసనంలో (మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చుని ముందుకు వంగే ఆసనం) నుదురు నేలకు ఆనించి 5 శ్వాసలు.

సర్వాంగాసనం, శీర్షాసనం

ఈ రెండూ ఇంట్లో మొదలుపెట్టకండి. పిల్లలకు నేర్పిన అనుభవం ఉన్న గురువు దగ్గరే నేర్పించండి. భుజాల మీద నిలిచి కాళ్లు పైకెత్తే సర్వాంగాసనంలో భుజాల కింద మూడు మడత దుప్పట్లు వేసి, తల మాత్రం కింద నేల మీద ఉంచితే మెడకు వెసులుబాటు దొరుకుతుంది. ఆసనంలో ఉన్న పిల్లల్ని పేరు పెట్టి పిలవకండి. పిలిచారంటే తల తిప్పి చూస్తారు, అప్పుడు మెడ మెలిపడుతుంది.

మెడనొప్పి, చేతిలో తిమ్మిరి, చూపు మసకబారడం ఉంటే ఆపేసి డాక్టరుకు చూపించండి. కిందపడి మెడ నొప్పంటే లేవనెత్తకండి. ఉన్నచోటే కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.