సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు చూడబోతున్నారా? ఇంజన్ చల్లగా ఉండగానే చూడండి

మీరు వచ్చేదాకా కారు స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మరో రోజు వెళ్లడమే మంచిది. కొన్ని గేర్‌బాక్స్ లోపాలు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి, వేడెక్కాక సర్దుకున్నట్టు కనిపిస్తాయి.

ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి ఉంచి గేర్‌ని పి (పార్కింగ్) నుంచి ఆర్ (రివర్స్)కి, తర్వాత డి (డ్రైవ్)కి మార్చండి. గేర్ పడటానికి రెండు మూడు సెకన్లు పట్టినా, ధబ్బున కుదుపు వచ్చినా అనుమానించాల్సిందే. ఆ తర్వాత కనీసం అరగంట నడపండి. గేర్‌బాక్స్ డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే రకం) అయితే ట్రాఫిక్‌లో, ఎత్తు మీద నెమ్మదిగా కదిలేటప్పుడు వణుకుతోందేమో గమనించండి. సీవీటీ (విడివిడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే రకం) అయితే గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కీచుమనే మోత వస్తోందేమో వినండి.

నన్నడిగితే పాత కారుకి టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కి బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కి అందించేది) రకమే నిశ్చింత. అదైనా గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు ఉండాలి. ‘జీవితాంతం మార్చక్కర్లేదు’ అంటే నమ్మకండి. గేర్‌బాక్స్‌లు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే తన 8 స్పీడ్ గేర్‌బాక్స్‌కి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తుంటే ధర ఎంత తగ్గించినా ఆ కారు వద్దు.