మందు కొట్టే డ్రోన్ లేపే ముందు ఇవి చూసుకోండి

ఆనందపురం, పద్మనాభం వైపు వరికి మందు కొట్టే రోజులు వస్తున్నాయి.

- నాలుగు కాళ్లూ గట్టి నేల మీదే ఉండాలి. ఒక కాలు బురదలోనో, గడ్డిలోనో, పైపులోనో చిక్కుకుంటే మిగతా వైపు లేచి మెషీన్ పల్టీ కొడుతుంది. మందు చల్లే హెలికాప్టర్లు కూడా టేకాఫ్‌లో ఇలాగే ఒరిగిపోతాయి. ఒరగడం మొదలైతే పవర్ పెంచకండి, వెంటనే తగ్గించండి. పది లీటర్ల ట్యాంకు నిండితే పది కిలోల పైమాటే, రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. దయచేసి గట్టు అంచు నుంచి లేపకండి.

- డ్రోన్ మడత చేతుల (రెక్కలు బిగించిన కడ్డీల) లాకులు చేత్తో కదిపి చూడండి. చూపుకు బిగిసినట్టే ఉంటాయి.

- మందు కలిపే మనిషి, పిల్లలు బాగా దూరం వెళ్లాకే స్టార్ట్ చేయండి.

- తలపైన కరెంటు తీగలు.

- పొద్దున్నే ముగించండి. పొద్దెక్కితే సముద్రపు గాలి పెరుగుతుంది.

- విశాఖలో నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది, కాబట్టి అనుమతి సంగతి చూసుకోండి. డ్రోన్ల కోసం కేంద్రం పెట్టిన వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాపులో మీ పొలం ఎరుపులో ఉంటే కేంద్రం అనుమతి, పసుపులో ఉంటే ఏటీసీ (విమానాల రాకపోకలు నియంత్రించే విభాగం) అనుమతి కావాలి.