పిల్లల ప్రవర్తన అంచనా, 5వ పాఠం: తల్లి స్కోరు, టీచరు స్కోరు

ఈసారి ఇంటర్వ్యూ ఎలా చేయాలో చెప్పాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబుల్లో చాలావాటిలో ఒకే పొరపాటు ఉంది. అది సరిచేయకుండా ముందుకు వెళ్లలేం.

అభ్యాసం కోసం కల్పించిన కేసు ఇది: అమెరికాలో మూడో తరగతి చదివే తెలుగు పిల్లవాడు. ఎస్‌డీక్యూ అంటే పిల్లల బలాలు, కష్టాల గురించి పెద్దలు నింపే ప్రశ్నల ఫారం; ఒక్కో ప్రశ్నకు 0, 1 లేదా 2 వేస్తారు, మొత్తం ఎంత ఎక్కువైతే కష్టాలు అంత ఎక్కువ. అందులో తల్లి జవాబులకు మొత్తం 9, టీచరు జవాబులకు 17. మీలో ఎక్కువమంది రెంటికీ సగటు తీసి 13 వేసి, 'నార్మల్' అని రాసేశారు.

దయచేసి సగటు తీయకండి. ఆ 13 ఎవరి మాట? తల్లి అలా చెప్పలేదు, టీచరూ చెప్పలేదు. పైగా మొదట బ్రిటన్‌లో పెట్టిన హద్దుల ప్రకారం తల్లిదండ్రుల ఫారంలో 13 దాకా మామూలే, టీచరు ఫారంలో 12 నుంచి 15 వరకు మామూలుకూ సమస్యకూ మధ్య సరిహద్దు. మరి మీ 13ను ఏ హద్దుతో పోల్చారు? బళ్లో పిల్లవాడికి ఏదో కష్టంగా ఉందన్న ఒక్క ఆధారమూ ఆ సగటులో మాయమైపోయింది.

ఇద్దరి మాటా కలవకపోవడం వింతేమీ కాదు. 1987లో అమెరికా మనస్తత్వవేత్త అకెన్‌బాక్ బృందం 119 అధ్యయనాలను కలిపి చూస్తే, తల్లిదండ్రులు, టీచర్లలా పిల్లలను వేర్వేరు చోట్ల చూసేవాళ్ల అంచనాల మధ్య సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1, అసలు సంబంధం లేకపోతే 0) సగటున 0.28 మాత్రమే.

దేశం మారితే చిక్కు ఇంకా పెరుగుతుంది. అమెరికా మనస్తత్వవేత్త జాన్ వైజ్ బృందం థాయిలాండ్, అమెరికా పిల్లలను పోల్చింది. టీచర్ల ఫారాలు చూస్తే థాయి పిల్లల్లోనే సమస్యలు ఎక్కువ. శిక్షణ పొందిన పరిశీలకులు తరగతిలో కూర్చుని లెక్కపెడితే మాత్రం, అమెరికా పిల్లల్లో అలాంటి ప్రవర్తన దాదాపు రెట్టింపు కనిపించింది. అణకువ ఎక్కువగా ఆశించే చోట కొంచెం అల్లరి కూడా టీచరు కంటపడుతుందన్నది దీనికి ఒక వివరణ. అదే బృందం 1988లో సమస్యలున్న ఇద్దరు పిల్లల కథలు చదివిస్తే, థాయి పెద్దలు అమెరికన్ల కంటే తక్కువ ఆందోళన పడ్డారు. గమనించడం వేరు, దిగులుపడడం వేరు.

అందుకే నేను మొత్తం కంటే ముందు ఎస్‌డీక్యూలోని 'ప్రభావం' ప్రశ్నలే చూస్తాను: పిల్లవాడు బాధపడుతున్నాడా, ఎన్నాళ్లుగా, చదువుకూ స్నేహాలకూ అడ్డమవుతోందా. మీకూ అదే అలవాటు చేయాలని నా పట్టుదల.

'వాళ్ల సంస్కృతిలో అంతే' అన్న మాటతో కూడా జాగ్రత్త. చైనాలోని షాంఘైలో చెన్ అనే పరిశోధకుడి బృందం చూసినప్పుడు, 1990లో సిగ్గరి పిల్లలను తోటివాళ్లు బాగా ఆదరించేవారు. 2002 నాటికి అదే నగరంలో అలాంటి పిల్లలను దూరం పెడుతున్నారు.



అభ్యాసం: అనుమతి తీసుకుని, ఒకే పిల్ల గురించి అమ్మ, అమ్మమ్మ, టీచరు ముగ్గురితో విడివిడిగా ఫారం నింపించండి. మొత్తాలు వేయొద్దు. ఒకరు 0, ఇంకొకరు 2 వేసిన ప్రశ్నలు ఏరండి. ప్రతిదానికీ ఇటీవల జరిగిన ఒక సంఘటన చెప్పమని ఇద్దరినీ అడగండి. పిల్ల పేరు లేకుండా, 'నార్మల్' అన్న మాట వాడకుండా ఒక పేజీ రాసి పంపండి.