లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్ అన్నీ గుర్తుపెట్టుకోవాలంటే ఏం చేయాలి?

మా బావకి తెనాలిలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీ మ్యాటరు. షాపులో పాత ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ పోయింది. కొత్తది కొనేదాకా లైవ్ లినక్స్‌తో (హార్డ్‌డిస్క్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్) నెట్టుకొద్దామని పెన్‌డ్రైవ్ తయారు చేసుకున్నాడు. సాయంత్రమంతా కూర్చుని తెలుగు కీబోర్డు, ఫాంట్లు, ప్రింటరు అన్నీ పెట్టుకున్నాడు. తెల్లారగానే ఫోను. "ఏరా, మళ్లీ మొదటికొచ్చింది. ఒక్కటీ లేదు." నాలుగు రోజుల్లో మూడుసార్లు ఇదే ఫోను.

బావ ఒక్కడే కాదు. లైవ్ లినక్స్ వాడి "ఇది మనకి పనికిరాదు" అని పక్కన పడేసేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే జారుతున్నారు. అందుకే నేను చేసే పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను. వాడేది ఎమ్ఎక్స్ లినక్స్ అనే రకం. వేరేవి ఎందుకు కాదో తర్వాత చెబుతాను.

ముందు అసలు ఎందుకు మరిచిపోతుందో తెలియాలి. లైవ్ పెన్‌డ్రైవ్‌లో సిస్టమంతా లినక్స్‌ఎఫ్ఎస్ అనే ఒక్క కుదించిన ఫైల్లో ఉంటుంది. దాన్ని చదవడమే తప్ప మార్చడం కుదరదు. లామినేషన్ చేసిన కార్డు అనుకోండి. మీరు చేసే మార్పులన్నీ దాని మీద పరిచిన ట్రేసింగ్ పేపరు మీద పడతాయి. ఆ పేపరు ఉండేది ర్యామ్‌లో. కంప్యూటర్ ఆపగానే పేపరు పోతుంది, కార్డు అలాగే ఉంటుంది. జర్మనీలో క్లౌస్ నాపర్ 2000లో నాపిక్స్ అనే లైవ్ లినక్స్ విడుదల చేసిన రోజుల్లో ఇది తప్పని ఇబ్బంది, ఎందుకంటే అప్పుడు ఇవన్నీ సీడీలు, సీడీ మీద తిరిగి రాయలేం. పెన్‌డ్రైవ్ మీద రాయగలం కదా. ఆ ట్రేసింగ్ పేపరుని పారేయకుండా పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడాన్నే పర్సిస్టెన్స్ అంటారు.

కావలసినవి

రెండు పెన్‌డ్రైవ్‌లు. ఒకటి ఏదైనా సరే, 4 జీబీది ఇంట్లో మూల పడి ఉంటుంది, అది చాలు. రెండోది అసలుది: 32 జీబీ, యూఎస్‌బీ 3.0, మంచి కంపెనీది. తక్కువ ధరకి 2 టీబీ అని అమ్మేవి కొనకండి, లోపల అంత జాగా ఉండదు. అనుమానంగా ఉంటే ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్‌తో అసలు సైజు తేలిపోతుంది. ర్యామ్ 4 జీబీ ఉంటే హాయి. 2 జీబీ కూడా లేని పాత మెషీన్ అయితే ఎమ్ఎక్స్ మానేసి దాని చెల్లెలు లాంటి యాంటిఎక్స్ తీసుకోండి. పద్ధతి ఇదే.

మొదటి పెన్‌డ్రైవ్

ఎమ్ఎక్స్ సైట్ నుంచి ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికైన డెస్క్‌టాప్) ఐఎస్‌ఓ, అంటే సిస్టమంతా ఉన్న ఒకే ఫైలు, దించుకోండి. పక్కనే ఇచ్చే చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా దిగిందో లేదో తేల్చే కోడు) సరిచూడండి, ఇది మానకండి. విండోస్‌లో రూఫస్ గానీ ఎచర్ గానీ తెరిచి ఆ ఐఎస్‌ఓని మూల పడిన పెన్‌డ్రైవ్ మీద ఎక్కించండి. దానితో బూట్ చేయండి. అంటే కంప్యూటర్ ఆ పెన్‌డ్రైవ్ నుంచే మొదలవ్వాలి: డెల్, లెనోవో అయితే ఆన్ చేయగానే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9.

సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సిస్టమ్‌ని మొదలవ్వనివ్వని కాపలా) అడ్డొస్తే బయాస్‌లో, అంటే మెషీన్ సొంత సెట్టింగుల్లో, ఆపాలి. ఒక్క మాట: విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ముందు రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. లేకపోతే మళ్లీ విండోస్‌లోకి వెళ్లేటప్పుడు అది 48 అంకెలు అడుగుతుంది, మీరు దిక్కులు చూడాలి.

రెండో పెన్‌డ్రైవ్

డెస్క్‌టాప్ వచ్చాక రెండో పెన్‌డ్రైవ్ పెట్టి ఎమ్ఎక్స్ టూల్స్‌లో లైవ్ యూఎస్‌బీ మేకర్ తెరవండి. ఐఎస్‌ఓ అడిగితే "ఇప్పుడు నడుస్తున్న లైవ్ సిస్టమ్‌నే కాపీ చెయ్యి" అనే టిక్ ఉంటుంది, అది పెట్టండి. ఫుల్ ఫీచర్డ్ మోడ్ ఎంచుకోండి. ఇమేజ్ మోడ్ పెడితే మళ్లీ లామినేషన్ కార్డే తయారవుతుంది, దాని మీద ఏదీ దాచలేరు. టార్గెట్ దగ్గర పేరు, సైజు రెండూ చూడండి, దాని మీద ఉన్నదంతా పోతుంది మరి.

నేరుగా రూఫస్‌తోనే అసలు పెన్‌డ్రైవ్ చేసుకోవచ్చు కదా, ఈ రెండు పెన్‌డ్రైవ్‌ల గోల ఎందుకు అంటారు. చేసుకోవచ్చు. కానీ ఎమ్ఎక్స్ సొంత మేకర్ అయితే అసలు భాగాన్ని ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫార్మాట్‌లో చేస్తుంది. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ అయితే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, రేపు దాచుకునే ఫైలు పెంచుకోవాలంటే గోడకి తల బాదుకోవాలి. పది నిమిషాలు ఎక్కువ పట్టినా ఇదే చేయండి.

అసలు మెలిక: పర్సిస్టెన్స్

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి. మొదటి పెన్‌డ్రైవ్ తీసేయండి, రెండోదానితో బూట్ చేయండి. పాత బయాస్ మెషీన్లలో మెనూ రాగానే ఎఫ్5 నొక్కితే పర్సిస్టెన్స్ జాబితా వస్తుంది. కొత్త రకం యూఈఎఫ్ఐ మెషీన్లలో మెనూలోనే పర్సిస్టెన్స్ అనే మాట వెతకండి. కంగారుగా ఎంటర్ కొట్టేస్తే మామూలు లైవ్‌లోకి వెళ్లిపోతుంది, మీరు పెట్టుకునేదంతా గాలికే.

జాబితాలో నాలుగైదు పేర్లు కనిపిస్తాయి. వాటిలో మనకి ముఖ్యమైనవి మూడు. పర్సిస్ట్ రూట్ అంటే మార్పులన్నీ ర్యామ్‌లో ఉండి, ఆపేటప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి చేరతాయి. పర్సిస్ట్ స్టాటిక్ అంటే ప్రతి మార్పూ అప్పటికప్పుడు పెన్‌డ్రైవ్ మీదే రాస్తుంది. ర్యామ్ తక్కువ పడుతుంది, కానీ నత్తనడక, పెన్‌డ్రైవ్ కూడా తొందరగా అరుగుతుంది. పర్సిస్ట్ ఆల్ అంటే సిస్టమ్ మార్పులు ర్యామ్‌లో, మీ హోమ్ ఫోల్డర్ మాత్రం నేరుగా పెన్‌డ్రైవ్ మీద.

పర్సిస్ట్ ఆల్ పెట్టండి. చర్చ అనవసరం. సిస్టమ్ చురుగ్గా ఉంటుంది. మధ్యలో కరెంటు పోయినా, బ్యాటరీ చచ్చినా, సేవ్ చేసిన పెళ్లి కార్డు ఫైలు పెన్‌డ్రైవ్ మీద ఉంటుంది. ఆ సెషన్‌లో ఎక్కించిన ప్రోగ్రామ్‌లు మాత్రం పోతాయి, అవి మళ్లీ ఎక్కించుకోవచ్చు. ర్యామ్ 2 జీబీ అయితే మాత్రం స్టాటిక్ తప్పదు.

మొదటిసారి సైజులు అడుగుతుంది. సిస్టమ్ మార్పులు దాచే రూట్‌ఎఫ్ఎస్ ఫైలుకి నేను ర్యామ్‌లో సగం ఇస్తాను. 4 జీబీ ర్యామ్ ఉంటే 2 జీబీ. 10 జీబీ ఇచ్చేసి గొప్పగా చెప్పుకునేవాళ్లని చూశాను. ఆ ఫైల్లో ఉన్నదంతా బూట్ అయ్యేటప్పుడు ర్యామ్‌లోకి ఎక్కాలని వాళ్లకి తట్టదు. నిండేకొద్దీ బూట్ ఆలస్యమవుతుంది, ఒకరోజు ర్యామే చాలదు. మిగతా జాగాలో ఎక్కువ భాగం హోమ్‌కి ఇవ్వండి, కొంచెం ఖాళీ ఉంచండి, దాని పని తర్వాత ఉంది.

తర్వాత పాస్‌వర్డ్‌లు అడుగుతుంది. మామూలుగా డెమో యూజర్‌కి పాస్‌వర్డ్ డెమో, అన్ని అధికారాలున్న రూట్ యూజర్‌కి రూట్. ఊరంతటికీ తెలిసిన తాళం. మార్చండి.

ఆ తర్వాత సేవ్ ఎలా చేయాలో అడుగుతుంది: ఆటోమేటిక్, సెమీ ఆటోమేటిక్, మాన్యువల్. సగం మంది కొంప మునిగేది ఈ ప్రశ్న దగ్గరే. మాన్యువల్ పెడితే మీరు గుర్తుపెట్టుకుని సేవ్ చేస్తే తప్ప ఏదీ మిగలదు. సెమీ ఆటోమేటిక్ ఆపేటప్పుడు అడుగుతుంది, ఇంటికి వెళ్లే తొందరలో మీరు వద్దంటారు. ఆటోమేటిక్ పెట్టండి.

పెట్టారా? ఇప్పుడు మా బావ కథ. ఆటోమేటికే పెట్టాడు. మూడో ఫోనుకి నేను అడిగాను: "బావా, షట్‌డౌన్ నొక్కాక ఏం చేశావు?"

"ఏం చేస్తాను రా, తెర నల్లబడింది, ఏవో తెల్ల అక్షరాలు వచ్చి ఆగిపోయింది. హ్యాంగయిందనుకుని పవర్ బటన్ నొక్కిపట్టి, పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నాను."

ఆ తెల్ల అక్షరాలు వచ్చిన సమయంలోనే ర్యామ్‌లోని మార్పులు పెన్‌డ్రైవ్‌కి చేరుతుంటాయి. ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు ఎక్కించిన రోజు నెమ్మది పెన్‌డ్రైవ్‌కి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. పెన్‌డ్రైవ్‌కి లైటుంటే అది మినుకుమినుకుమంటూ ఉంటుంది, అదే గుర్తు. కంప్యూటర్ దానంతటది పూర్తిగా ఆగి, ఫ్యాను చప్పుడు పోయేదాకా చెయ్యి పెట్టకండి. మధ్యలో పీకితే ఆ రోజు మార్పులు పోవడమే కాదు, ఫైలే దెబ్బతినే ప్రమాదం ఉంది. పెద్ద పని చేసిన రోజు షట్‌డౌన్ దాకా ఆగకుండా ఎమ్ఎక్స్ టూల్స్‌లోని సేవ్ రూట్ పర్సిస్టెన్స్ నొక్కితే అప్పుడే దాస్తుంది. మా వైపు కరెంటు సంగతి తెలుసు కనుక నేను గంటకోసారి నొక్కుతాను.

ఇంకో చిక్కుంది. మర్నాడు బూట్ చేసేటప్పుడు కూడా పర్సిస్ట్ ఆల్ ఎంచుకోవాలి. మరిచిపోతే మామూలు లైవ్ వస్తుంది, అన్నీ పోయాయని గుండె జారుతుంది. పోలేదు, అటక మీద ఉన్నాయి. రీస్టార్ట్ చేసి సరిగ్గా ఎంచుకుంటే దిగి వస్తాయి. ఈ టెన్షన్ లేకుండా ఉండాలంటే బూట్ మెనూలోనే ఎంపికలను సేవ్ చేసే వీలుంది, ఒకసారి చేసేయండి.

అసలు పని మొదలుపెట్టే ముందు పరీక్ష పెట్టండి. వాల్‌పేపర్ మార్చండి, ఒక చిన్న ప్రోగ్రామ్ ఎక్కించండి, హోమ్‌లో ఒక ఫైలు పెట్టండి. ఆపి, మళ్లీ ఆన్ చేసి మూడూ ఉన్నాయో లేదో చూడండి. ఫైలు, వాల్‌పేపర్ ఉండి ప్రోగ్రామ్ లేకపోతే హోమ్ బాగానే ఉంది, రూట్ సేవ్ కాలేదని అర్థం. మూడూ ఉన్నాకే తెలుగు కీబోర్డు పెట్టుకోండి. కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేరిస్తే ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీ అమరిక వచ్చేస్తుంది, ఏ ప్రోగ్రామూ ఎక్కించనక్కర్లేదు. ఫాంట్ కావాలంటే లోహిత్ తెలుగు ప్యాకేజీగా దొరుకుతుంది.

వేరేవి ఎందుకు కాదు

వెంటాయ్ మంచిదే, ఒక్క పెన్‌డ్రైవ్‌లో పది ఐఎస్‌ఓలు మోసుకెళ్లడానికి. పర్సిస్టెన్స్ కావాలంటే మాత్రం సెట్టింగ్ ఫైలు విడిగా తయారు చేయాలి, చేత్తో రాస్తే కామా ఒకటి తప్పినా పనిచేయదు. రూఫస్‌లో ఉబుంటుకి గీత జరిపి పర్సిస్టెన్స్ పెట్టుకోవచ్చు, సులువే, కానీ ప్రతిదీ నేరుగా పెన్‌డ్రైవ్ మీదే రాస్తుంది కనుక పాత యూఎస్‌బీ 2.0 మెషీన్లో బ్రౌజర్ తెరిచి టీ తాగి రావచ్చు. పప్పీ లినక్స్ అంటే నాకూ ఇష్టమే, 2003 నుంచి ఉంది, బుల్లిది, వేగంగా నడుస్తుంది. కానీ మామూలుగా అన్నీ రూట్‌గానే నడుస్తాయి, అది షాపు కంప్యూటర్లో నాకు నచ్చదు.

రూట్‌ఎఫ్ఎస్ నిండితే

ప్రోగ్రామ్‌లు ఎక్కించేకొద్దీ ట్రేసింగ్ పేపరు బరువెక్కుతుంది. అప్పుడు రీమాస్టర్ చేయాలి. అంటే పేపరు మీదున్నదంతా కార్డు మీదే అచ్చు వేసి, కొత్త లామినేషన్ చేయడం. ఇందుకే ఖాళీ జాగా ఉంచమన్నది. పర్సనల్, జనరల్ అని రెండు అడుగుతుంది. మీ కోసం అయితే పర్సనల్. జనరల్ పెడితే యూజర్లు, పాస్‌వర్డ్‌లు మళ్లీ డెమోకి వెళ్తాయి, అది పదిమందికి పంచడానికి. పాత లినక్స్‌ఎఫ్ఎస్‌ని చెరపకుండా పక్కన ఉంచుతుంది. కొత్తది రెండు రోజులు నడిచాకే పాతది తీసేయండి.

అప్‌డేట్లు చేసినప్పుడు కొత్త కెర్నల్ (లినక్స్ గుండెకాయ) వచ్చినా బూట్ అయ్యేది పాతదే, ఎందుకంటే లైవ్ కెర్నల్ లినక్స్‌ఎఫ్ఎస్ ఫైలు బయట విడిగా ఉంటుంది. దానికి లైవ్ కెర్నల్ అప్‌డేటర్ అని వేరే ఉంది, రీమాస్టర్ తర్వాతే వాడండి. అన్నీ బాగా నడుస్తుంటే కెర్నల్ జోలికి పోకండి, నేను పోను.

ఎమ్ఎక్స్ తయారుచేసేవాళ్లకి నా వినతులు రెండు. షట్‌డౌన్‌లో తెల్ల అక్షరాల బదులు "దాస్తున్నాను, పెన్‌డ్రైవ్ తీయకండి" అని తెర నిండా పెద్దగా చూపించాలి. రెండు, పర్సిస్ట్ ఆల్, పర్సిస్ట్ రూట్ లాంటి పేర్ల పక్కన ఒక్క వాక్యం వివరణ పెట్టాలి. మా బావ "ఆల్ అంటే అన్నీ అని నొక్కాను" అన్నాడు. అదృష్టం కొద్దీ అదే సరైనది.

ఇప్పుడు ఆయన పెన్‌డ్రైవ్‌కి ఎర్ర రిబ్బను కట్టి, ల్యాప్‌టాప్ పక్కన కాగితం అంటించాడు: "ఫ్యాను ఆగాకే తీయవలెను." హార్డ్‌డిస్క్ ఇంకా కొనలేదు.