రొయ్యల పొట్టు ఉడికించే ముందు

పోయిన వారం అనంతపురంలోని ఒక ప్రయోగశాలలో ఎమ్మెస్సీ విద్యార్థిని కంట్లో కాస్టిక్ సోడా పడింది. రొయ్యల పొట్టు నుంచి, గాయాల జెల్ లాంటి వాటిలో వాడే కైటోసాన్ అనే పదార్థం తీస్తోంది. 100 డిగ్రీల దగ్గర చిక్కటి కాస్టిక్, అడుగున పేరుకున్న పొట్టు. గాజు కడ్డీ పెట్టి కదిలించగానే ఒక్కసారిగా ఎగిసింది. రక్షణ కళ్లజోడు లేక కాదు. ఉంది, నుదుటి మీద.

గ్లవ్స్ వేసుకోండి, కోటు తొడుక్కోండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు. అవి ప్రతి ప్రయోగశాల గోడ మీదా అతికించే ఉంటాయి. నా బాధ అంతా నుదుటి మీది కళ్లజోడు గురించే. కళ్లజోడు కొనని వాళ్లకంటే, కొని పైకి తోసుకున్న వాళ్లు దెబ్బతినడమే నేను ఎక్కువగా చూశాను.

కారణం మన ఎండలే. ప్రాజెక్టుల పని ముమ్మరంగా సాగేది ఏప్రిల్, మే నెలల్లో. కర్నూలైనా కడపైనా అప్పుడు 40 డిగ్రీలు దాటుతుంది. పొడి ఎగురుతుందని ఫ్యాను ఆపేస్తారు. చెమటకు అద్దం మసకబారుతుంది. పొట్టులోని కైటిన్ కైటోసాన్‌గా మారాలంటే, అంటే దానిలోని ఎసిటైల్ అనే అణువుల గుంపులు ఊడాలంటే, 40 నుంచి 50 శాతం కాస్టిక్‌లో గంటల తరబడి ఉడకాలి. మూడో గంటకు ఓపిక నశిస్తుంది. "ఒక్క నిమిషమే కదా సార్" అంటారు. ఆ ఒక్క నిమిషం నమూనా తీసే నిమిషమే అవుతుంది. ముఖం పాత్ర మీదికి వంగేదీ అప్పుడే. అద్దం మసకబారితే వేడి ఆపండి, గది బయటికి వెళ్లి తుడుచుకోండి. తెల్లవారి 6 గంటలకే మొదలుపెడితే సగం చెమట తప్పుతుంది. తోడు ఒకరు లేకుండా మాత్రం మొదలుపెట్టవద్దు.

ఆమ్లం పడితే కంటి పైపొరలోని ప్రొటీన్లు గడ్డకట్టి దాని దారికి కొంత అడ్డుపడతాయి. కాస్టిక్ లాంటి క్షారానికి ఆ అడ్డు లేదు. కొవ్వును సబ్బుగా మార్చుకుంటూ లోపలికి దిగిపోతుంది. అందుకే కడగడంలో ఒక్క క్షణం ఆలస్యం పనికిరాదు. కనీసం 15 నిమిషాలు, ఆగకుండా కడగాలి. కళ్లు కడిగే పరికరం నిమిషానికి సుమారు లీటరున్నర నీళ్లు ఇవ్వాలని ప్రమాణం. లెక్కేస్తే 22 లీటర్లు దాటుతుంది, అంటే తాగునీటి క్యాను ఒకటి చాలదు. వేసవిలో మధ్యాహ్నానికి మన ట్యాంకులు ఖాళీ అవుతాయి, ఉన్న నీళ్లు కూడా పైపుల్లో కాగిపోయి వస్తాయి. కాస్టిక్ డబ్బా మూత తీసే ముందు కుళాయి తిప్పి చూడండి. రెండు క్యాన్లు నిండుగా నీడలో ఉంచండి. క్షారానికి విరుగుడని కంట్లో వెనిగర్ పోయకండి. ముందు కడగడం, ఆ తర్వాతే ఆసుపత్రి. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. అనంతపురం నుంచి అది 150 కిలోమీటర్ల దూరం, దారిలో కడగడానికి వీలుండదు.

అసలు సముద్రమే లేని జిల్లాలో, నెల్లూరు నుంచి బస్సులో వాసన కొడుతూ వచ్చిన పొట్టును ఉడకబెట్టడం దేనికి? గాయాలకు వేసే జెల్, మందును మోసే నానోకణాలు మీ అంశమైతే, ఎసిటైల్ ఎంత శాతం తీసేశారో డబ్బా మీద రాసి ఉన్న పొడి కొనండి. 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరుగుతుంది, పనిలోకి వెంటనే దిగవచ్చు. కైటోసాన్ తీయడమే మీ అంశమైతే మాత్రం కింది మాటలు వినండి.

కాస్టిక్ గుళికలను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి. గుళికల మీద నీళ్లు పోయకూడదు. ట్యాంకు నీళ్లు ముందే వేడిగా ఉంటాయి కాబట్టి పాత్రను మంచులో ఉంచండి.

అల్యూమినియం గిన్నె వద్దు. కాస్టిక్ దాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు వస్తుంది. స్టీలు గిన్నె వాడండి.

పొట్టును హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం కరిగి బుసబుసమని నురగ పొంగుతుంది. పెద్ద పాత్ర తీసుకోండి, పిడికెడు పిడికెడుగా వేయండి.

రంగు పోగొట్టడానికి బ్లీచింగ్ ద్రావణం వాడితే, దానికి ముందు ఆమ్లం పూర్తిగా కడిగేయండి. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది.

రొయ్యలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్లు పొట్టు దంచకండి. పొడి పీల్చకండి.

జెల్‌ను గట్టిపరిచే గ్లుటరాల్డిహైడ్ సీసాను, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే తెరవండి. జెల్‌లో అది మిగిలితే మీరు పరీక్షకు పెంచిన జీవకణాలు చస్తాయి. ఆ చావును కైటోసాన్ ఖాతాలో రాయకండి.

చున్నీ ముడి వేయండి. చెప్పులు వద్దు. కాంటాక్ట్ లెన్సులు వద్దు.

మూత బిగించి వేడి చేయవద్దు.

నమూనా తీసేటప్పుడు కళ్లజోడు కళ్లకే ఉండాలి. గైడు పిలిచినా, ఫోను మోగినా పైకి తోయవద్దు. మోగనివ్వండి.

మిగిలిన కాస్టిక్‌ను మంచినీళ్ల సీసాలో పోయవద్దు. ఒక్క రాత్రికైనా.